కోటికి తొమ్మిది తక్కువ

తొంభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఒకటి. ఈ సంఖ్యను శేషం లేకుండా భాగించడానికి మీరెప్పుడైనా ఒక వేసవి మొత్తం తగలేశారా? నేను తగలేశాను. దేవుడు లేడని తెనాలిలో గొంతు చించుకుని వాదించే వయసులో, రాముడి పేర్ల లెక్క తెగడం కోసం నలభై రోజులు పెన్సిళ్ళు చెక్కుకుంటూ కూర్చున్నాను. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు. హేతువాదులు నవ్వితే నవ్వనీ, ఆస్తికులు సంతోషిస్తారేమోనని నా భయం.

పోయిన నెల మా తమ్ముడి కూతురు ఇల్లు మారుతూ ఒక పొడుగు నోటుపుస్తకం పట్టుకొచ్చి, "అత్తా, ఇది నీ దస్తూరీయేనా?" అని అడిగింది. అట్ట సగం పురుగు తినేసింది. లోపల ప్రతి పేజీలోనూ భాగహారాలు. పైన ఒకటే సంఖ్య, పక్కన మారుతూ పోయే భాజకం, కింద మెట్లు మెట్లుగా తీసివేతలు, చివర శేషం చుట్టూ గీసిన గుండ్రం. పేజీలు తిప్పుతుంటే పెన్సిలు పొడి వాసనతో పాటు ఎర్రసిరా వాసన కూడా వచ్చినట్టు అనిపించింది. ఈ పుస్తకంలో ఎర్రసిరా చుక్క ఒక్కటి కూడా లేదు. ఆ వాసన మా రాజ్యం అత్తయ్యది.

రాజ్యం అత్తయ్య మా నాన్నకి అక్క. పదహారేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. వచ్చిన ఏడాదే, "నేను బడికి వెళ్ళి చదువుకుంటాను నాన్నా" అని మా తాతని అడిగిందట. తాత కాదనలేదు. వితంతువుని చదువుకోవద్దనడం నలుగురిలో మోటుగా వినిపించడం అప్పుడప్పుడే మొదలైంది. "అలాగే తల్లీ. ముందు రామకోటి పూర్తి చెయ్యి. ఆ తర్వాత నీ ఇష్టం, చదువుకో, ఉద్యోగం చెయ్యి" అన్నాడు. రామకోటి అంటే శ్రీరామ అని కోటిసార్లు రాయడం. రోజుకి వెయ్యి చొప్పున రాస్తే పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ళ పైమాట. తాతకి ఈ లెక్క తెలుసు. కాదు అనే మాటని కోటితో హెచ్చవేసి, సరే అని పలికాడంతే. అత్తయ్య నమ్మింది. నాకు ఊహ తెలిసేనాటికే ఆ తాత లేడు, ఆ షరతు మాత్రం ఇంట్లో మనిషిలా తిరుగుతూ ఉండేది.

పొద్దున్నే కుంకుడుకాయ వాసన వచ్చే తడిజుట్టు ముడివేసుకుని, వసారాలో పీట వేసుకుని, రాత పెట్టె ముందు కూర్చునేది అత్తయ్య. సిరాబిళ్ళలు కొబ్బరిచిప్పలో నీళ్ళు పోసి కరిగించడం ఆవిడే చేసుకోవాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. పాళీ గీతకి గరగరమనే చప్పుడుతో మా ఇల్లు నిద్ర లేచేది. వెయ్యి పూర్తయ్యేదాకా మాట్లాడదు, సైగలే. కూర తరిగే అమ్మకి వంకాయ ఎంత ముక్క కొయ్యాలో ఎడమచేతి వేళ్ళతో చూపించేది. మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం, రాత్రికి పాలు. బయట కూర్చునే రోజుల్లోనూ, మైల రోజుల్లోనూ రాయకూడదు గనుక, ఆ లోటు మిగతా రోజుల్లో పూడ్చేది. ఆవిడ కుడిచేతి మధ్యవేలు మీద కాయ కాచి రేగిపండంత ఉండేది. నేను బి.ఎస్సీ. చదువుతూ, సాయంత్రాలు వీరభద్రంగారి సైకిల్ షాపు వెనక పఠనాలయంలో జరిగే చర్చలకి వెళ్ళి, అక్కడి వాదాలు ఇంటికొచ్చి ఆవిడ మీద ప్రయోగించేదాన్ని. "రాముడే ఉంటే ఒక్కసారి రాసినా వినపడాలి కదా అత్తయ్యా, చెవుడా?" అంటే, "నోరు కాస్త అరగదీసుకోవే, నా పాళీ అరిగినట్టు" అనేది. అంతకుమించి వాదించేది కాదు.

అత్తయ్యకి నలభై నాలుగో ఏట కోటి దగ్గరపడింది. అదే సమయానికి బాపట్లలో ఒక ఆడపిల్లల హాస్టలుకి మేట్రన్ కావాలన్న కబురు వచ్చింది. చదవడం, రాయడం వస్తే చాలు, మనిషి నికరంగా ఉండాలి, జూన్‌లో చేరాలి. నాన్న బడిలో లెక్కల మాస్టారు, మితభాషి. ఆయన ఆ కబురు చెప్పి, "వెళ్తావా అక్కా?" అని మాత్రం అడిగాడు. అత్తయ్య, "ఏప్రిల్ ఆఖరుకి నాది అయిపోతుంది రా" అంది. ఆ రోజు సాయంత్రం ఆవిడ తన ట్రంకుపెట్టె బయటికి తీసి దులపడం చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ పెట్టె కదలడం అదే మొదలు.

ఇక ఆఖరి రోజు. ఇంకో పది లోపే ఉన్నాయనగా పోస్ట్‌మ్యాన్ వచ్చి, వసారా మెట్టు దగ్గర ఆగి, "రేపల్లె కార్డండి. బయటే చదువుకోండమ్మా" అన్నాడు. అలా అన్నాడంటే అర్థం ఒక్కటే. చావు కబురు కార్డుని మా ఇళ్ళల్లో గడప దాటనివ్వరు. బయటే చదివి, చించేసి, తలకి నీళ్ళు పోసుకుని లోపలికి రావాలి. చదివిన క్షణం నుంచి మైల, రాత బంద్. అత్తయ్య తల ఎత్తలేదు. ఎడమచెయ్యి ఎత్తి ఆగమంది. అతనూ ఆగాడు, నేనూ ఆగాను, వీధిలో మజ్జిగ అమ్మే ఆమె కూడా ఏమిటోనని ఆగింది. మిగిలినవి గబగబా రాసి, పాళీ కింద పెట్టి, ఒళ్ళు విరుచుకుని, "ఇప్పుడు చదవ్వే" అంది. రేపల్లెలో దూరపు బంధువు రామానయ్య తాత పోయాడు. అత్తయ్య కోటి పూర్తయింది.

దీన్ని ఇంతటితో వదిలేసి ఉంటే నాకీ అధ్యాయం ఉండేది కాదు. కోటి పూర్తయిన సందర్భానికి బాపట్ల నుంచి నాన్న తమ్ముడు సాంబశివ బాబాయి వచ్చాడు. పొలాలు కొలిచే సర్వే పని ఆయనది. గొలుసు వేసి కొలవనిదే తన పెరటి బాదంచెట్టు నీడని కూడా నమ్మడు. ఆయన ముందు నేనే, మూఢత్వం మీద చమత్కారం విజయం సాధించిందన్నట్టు, కార్డు కథంతా నవ్వుతూ చెప్పాను. బాబాయి నవ్వలేదు.

"కార్డు వచ్చాక ఎన్ని రాశావే అక్కా?"

"తొమ్మిది" అంది అత్తయ్య. ఆవిడకి అబద్ధం రాదు.

"చావు కబురని తెలిసే రాశావుగా. ఆ తొమ్మిదీ చెల్లవు. పైగా సంకల్పం భంగమైంది. మళ్ళీ మొదట్నించి రాయాలి."

"మైల తీరాక తొమ్మిది రాస్తే సరిపోదా బాబాయ్?" అన్నాను.

"పగిలిన కుండకి బంకమన్ను పూసి నీళ్ళు పోస్తారేంటమ్మాయ్?"

మళ్ళీ మొదటినుంచి అంటే అత్తయ్యకి డెబ్బై రెండేళ్ళు వస్తాయి. నేను మండిపడ్డాను. మైల బూటకమన్నాను, సంకల్పం బూటకమన్నాను, తాత చేసింది మోసమన్నాను. వెంటనే అత్తయ్యే నన్ను కసిరింది. "నువ్వు నమ్మకపోతే మానెయ్. నా కోటి నాది. అది తప్పయితే తప్పని తేలాలి, ఒప్పయితే ఒప్పని తేలాలి. నీ కేకలతో తేలదు." అప్పుడు నాకు పఠనాలయంలో నేర్పిన ఎత్తు గుర్తొచ్చింది. ఎదుటివాడిని వాడి సూత్రాలతోనే కొట్టాలి. భంగమైన జపానికి శాస్త్రంలో దారే లేదా అని బాబాయిని నిలదీశాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, ఉందన్నాడు. జపం మాలల లెక్కన ఉండాలి. ఆగిన చోటికి మాలలు నిండుగా పూర్తయి ఉంటే అది తనంతట తానే పూర్ణం, కోటితో పనిలేదు. మాల మధ్యలో ఆగితే మాత్రం వ్యర్థం.

"నూటెనిమిదితో తెంపి చూశాను. యాభై అయిదు మిగిలాయి. యాభై నాలుగుతో ఒకటి, ఇరవై ఏడుతో ఒకటి" అన్నాడు.

"మాలకి ఇన్నే పూసలుండాలనుందా?"

"ఎన్నయినా ఉండొచ్చు. శేషం మిగలకూడదు."

"ఎన్నయినా అంటే ఎన్నయినానా?"

"ఎన్నయినానే."

అంత పెద్ద సంఖ్యకి ఏదో ఒక భాజకం ఉండకపోతుందా అనుకున్నాను. లెక్కల విద్యార్థినిని, పైగా గర్వం. హాస్టల్లో చేరాల్సిన రోజుకి ముందే భాజకం చూపిస్తే అత్తయ్య బాపట్ల వెళ్తుంది, లేదంటే మళ్ళీ మొదటి శ్రీరామ రాస్తుంది అని పందెం. బాబాయి సర్వే అలవాటు కొద్దీ దాన్ని కాగితం మీద రాసి ముగ్గురిచేతా సంతకాలు పెట్టించాడు. ట్యూషన్ నుంచి వచ్చిన నాన్న ఆ కాగితం చదివి, సంఖ్య కింద వేలు పెట్టి, "నన్ను అడగాల్సింది" అన్నాడు. మర్నాడు నాకు దారి కూడా ఆయనే చూపించాడు. పెద్ద భాజకం ఉంటే దానికి జతగా చిన్నదీ ఉంటుంది, ఆ చిన్నది వర్గమూలాన్ని దాటదు. కాబట్టి మూడు వేల నూట అరవై రెండు దాకా వెతికితే చాలు, అందులోనూ ప్రధాన సంఖ్యలతోనే. జల్లెడ పట్టి లెక్కపెడితే అవి నాలుగు వందల నలభై ఆరు తేలాయి.

ఆ లోపల ఇంకో తెలివితక్కువ పని చేశాను. రామానయ్య తాత ఎన్నింటికి పోయాడో కనుక్కుంటే ఆ తొమ్మిదిని బతికించొచ్చని రేపల్లె బండెక్కాను. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళి, కాఫీ తాగి, మరణ సమయం అడిగాను. ఆయన కొడుకు, "మీకు కార్డు అందిన ముందురోజు సాయంత్రం నాలుగున్నరకమ్మా. ఎందుకు?" అన్నాడు. లెక్క కోసమన్నాను. అతను నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. సమయం ప్రకారం పోతే ఆ పొద్దున రాసినవన్నీ చెల్లవు. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, ఈ నిజం ఎవరికీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. సత్యం కోసం ప్రాణమైనా ఇస్తానని వారం కిందటే వేదిక మీద అన్నదాన్ని.

పఠనాలయంలో సంగతి చెబితే వీరభద్రంగారు తల పట్టుకున్నారు. "పూర్వపక్షం మొత్తం ఒప్పేసుకుని వచ్చావు. ఇక సిద్ధాంతానికి ఏం మిగిల్చావమ్మా?" అని తిట్టి, తిడుతూనే ట్యూబులు అతికే బల్ల ఖాళీ చేసి ఇచ్చారు. అక్కడ రోజుకి పదకొండు, పన్నెండు భాగహారాలు. మొదటి రోజే వింత. రెండుతో భాగిస్తే ఒకటి మిగిలింది. మూడుతో ఒకటి. అయిదుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో కూడా ఒకటే. పేపరు చదవడానికి వచ్చే సుబ్బయ్యశాస్త్రిగారు కళ్ళజోడు సర్దుకుని, "ఎటు కోసినా మిగిలేది ఒక్కటే. ఇంతకన్నా అద్వైతం ఏముందమ్మా?" అన్నారు. మర్నాటికి నా నోటుపుస్తకం మీద ఎవరో మందారపువ్వు పెట్టి ఉంచారు. నేను దాన్ని విసిరేసి, పదిహేడుతో భాగించి, "పదమూడు మిగిలిందండీ. మీ అద్వైతం పదిహేడు దగ్గర చచ్చింది" అన్నాను. "పదమూడా? శ్రీరామ జయరామ జయజయరామ. త్రయోదశాక్షరి" అన్నారాయన. పంతొమ్మిదితో ఆరు మిగిలితే షడక్షరి అన్నారు. ఇరవై మూడుతో అయిదు, పంచాక్షరి. ఇరవై తొమ్మిదితో ఎనిమిది, అష్టాక్షరి. ముప్పై ఒకటితో పదకొండు మిగిలితే ఇక తప్పించుకోలేరనుకున్నాను. ఏకాదశ రుద్రులు అన్నారు. ముప్పై ఏడుతో మళ్ళీ ఒకటి వచ్చేసరికి ఆయన లేచి నిలబడి దండం పెట్టారు. ఏ శేషం వచ్చినా ఆయన దగ్గర దానికో దేవుడున్నాడు. ఏ జవాబు వచ్చినా గెలిచేవాడితో వాదం పెట్టుకోకూడదన్న తర్కశాస్త్ర పాఠం నాకు పుస్తకంలో దొరకలేదు, పంక్చర్ల బల్ల మీద దొరికింది.

ఆయన్ని అనడమెందుకు, మా సంగతి చెబుతాను. పదో రోజుకి ఆ బల్ల దగ్గర పద్ధతులు పుట్టాయి. భాగహారం నడుస్తుండగా ఎవరూ మాట్లాడకూడదు. చేతులకి గ్రీజుంటే కడుక్కుని రావాలి. ఆఖరి అంకె కిందికి దించేటప్పుడు వీరభద్రంగారు ఊపిరి బిగబట్టేవారు. ఉడకబెట్టిన వేరుశనగలు శేషం రాశాకే పంచాలి. ఒకరోజు నేను వేలు మీద కాయ తడుముకుంటున్నాను. అత్తయ్య చూసి, "వచ్చిందా? కొబ్బరినూనె రాయి" అని ఊరుకుంది.

తొమ్మిది వందల తొంభై ఏడు దగ్గర శేషం సున్నా వచ్చింది. నూట అరవై ఎనిమిదో ప్రయత్నం. వీరభద్రంగారు సైకిల్ గంటలు అన్నీ మోగించారు. ఇంటికి పరుగెత్తి చెబితే అమ్మ సేమ్యా పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టింది. అత్తయ్య వెళ్ళి ట్రంకుపెట్టెలో రెండు చీరలు మడిచి పెట్టింది. నాన్న నోటుపుస్తకం తీసుకుని, భాగలబ్ధం చూసి, "వెయ్యిన్ని మూడా?" అన్నాడు. "సుమారు కోటిని సుమారు వెయ్యితో భాగిస్తే పదివేలు రావాలి కదమ్మా." నేను ఒక తొమ్మిది మింగేశాను. ఏడంకెలకి బదులు ఆరంకెల సంఖ్యని భాగించాను. సరిగ్గా చేస్తే ఎనభై ఒకటి మిగిలింది. పాయసం మాత్రం తిన్నాం, పాలు విరిగిపోతాయని. అత్తయ్య ఆ రెండు చీరలూ పెట్టెలోంచి తియ్యలేదు.

ఆఖరి భాజకం మూడు వేల నూట ముప్పై ఏడు. శేషం రెండు వేల మూడు వందల డెబ్బై రెండు. అది రాసి పెన్సిలు కింద పెడితే షాపులో ఎవరూ వేరుశనగల జోలికి పోలేదు. నాన్న ఆ పేజీ చూసి, "ఇది ప్రధాన సంఖ్యమ్మా. కోటి లోపల ఇంతకన్నా పెద్దది లేదు" అన్నాడు. పైనున్న తొమ్మిది సంఖ్యల్లో ప్రతిదానికీ ఒక చిన్న భాజకం ఉందని ఆ రాత్రి అన్నం తింటూ నోటితోనే తేల్చేశాడు. ఆయన గొంతులో గౌరవం వినపడింది, నాకు ఏడుపొచ్చింది. పేర్లు ఒకటి తక్కువగానో ఎక్కువగానో చెల్లి ఉంటే నా పందెం నెగ్గేది. కోటి దరిదాపుల్లో ఎటూ తెగని సంఖ్య మీదే మా అత్తయ్య జీవితాన్ని ఒడ్డాను.

బాబాయి పొద్దున బండికి వచ్చాడు. వసారాలో కుర్చీ వేసుకుని, నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు, మధ్యలో రెండు మూడు సరిచూశాడు కూడా. "అయితే తెగదన్నమాట" అన్నాడు. నేను తల దించుకున్నాను. అత్తయ్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

"అన్నిటితోనూ చూశావుటే?" అని నన్నడిగింది.

"అన్నిటితోనూ చూశానత్తయ్యా."

"ఒకటితో చూశావా?"

నేను తల ఎత్తాను. నాన్న చేతిలో పేపరు కిందికి దిగింది.

"ఒక్క పూస మాల ఎక్కడైనా ఉంటుందా అక్కా?" అన్నాడు బాబాయి.

"నీ కాగితంలో ఎన్నయినా అని రాశావు కదరా. సంతకం కూడా నీదే. నేను మాల తిప్పలేదు సాంబా. ఒకటి రాశాను, అది పూర్తయ్యాక ఇంకోటి రాశాను. ఏ ఒక్కటీ సగంలో వదల్లేదు. ఏం మిగిలిందో చెప్పు."

బాబాయి కాగితం తీసి చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. "అది కాదక్కా. నా ఊళ్ళో నలుగురూ ఏమంటారు? ఫలానా వాడి అక్క హాస్టల్లో పిల్లల జడలు చూసుకుంటోంది అనరూ?"

"ఈ ముక్క మొదటే అని ఉంటే ఈ పిల్ల ఎండాకాలమంతా పెన్సిళ్ళు అరగదీసేది కాదు కదరా" అంది అత్తయ్య. "మన నాన్నకీ ఇదే భయం. ఆయన కోటి అన్నాడు, నువ్వు మాల అన్నావు. నాకు కావాల్సింది లెక్క తేలడం, తేలింది. మధ్యాహ్నం బండికి వెళ్తున్నా. నువ్వూ అదే బండిలో పోతావుగా, పెట్టె పట్టుకో."

పట్టుకున్నాడు. ఏ లెక్కల పుస్తకమూ నాకివ్వని ఆనందం, తెనాలి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టె మోస్తున్న మా బాబాయి వీపు ఇచ్చింది.

హాస్టల్లో పెద్దావిడ, "ఏం చదువుకున్నారండీ?" అని అడిగారట. "చదువుకోలేదండి, రాశాను" అందట అత్తయ్య. ఎంత రాశారంటే, "కోటికి తొమ్మిది తక్కువండి." ఉద్యోగం ఇచ్చారు. వెళ్ళిన ఏడాదే అక్కడి పిల్లల పుస్తకాలతో మెట్రిక్‌కి కూర్చుని, రెండోసారికి పాసయింది. ఆ తొమ్మిదీ మళ్ళీ రాయలేదు. ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు ఎందుకు రాయలేదని అడిగితే, "రాస్తే రెండుతోనూ, అయిదుతోనూ తెగుతుందటగా, మీ నాన్న చెప్పాడు. మళ్ళీ ఎవడో వచ్చి భాగాలు పెడతాడు" అంది.

మొన్న మా తమ్ముడి కూతురు ఆ సంఖ్యని ఫోనులో కొట్టింది. నేను కళ్ళజోడు పెట్టుకునేలోపు ప్రధాన సంఖ్య అని చెప్పేసింది ఫోను. నలభై రోజులు కనురెప్పపాటు అయ్యాయి. మంచిదే, కాయలు కాయించుకోవడం గొప్పని నేననను. అయితే అదే పిల్ల, ఎం.ఎస్సీ. చదివిన పిల్ల, మరు నిమిషమే, "ఉద్యోగానికి వెళ్ళమన్నారత్తా, బాబుకి అయిదేళ్ళు నిండాక" అంది మామూలుగా. అంతకుముందు పెళ్ళయ్యాక అన్నారు, దానికి ముందు డిగ్రీ అయ్యాక అన్నారు. లెక్కలు చేసే యంత్రం మారింది. కాదనలేక షరతు పెట్టే పద్ధతి మా తాత వదిలివెళ్ళిన చోటే కూర్చుని ఉంది. మీ ఇంట్లో కూడా ఉంది, లేదని నాకు చెప్పకండి. మీ భార్యకో, కూతురికో, చెల్లెలికో మీరు "అది అయ్యాక చూద్దాం" అని చెప్పిన మాట ఒకటి మీకిప్పుడు గుర్తొచ్చింది. ఈ పుస్తకం మూసి పక్కన పెట్టండి. లేచి ఆ మనిషి దగ్గరికి వెళ్ళండి. ఇంక ఏదీ పూర్తి చెయ్యక్కర్లేదు, రేపే వెళ్ళమని చెప్పండి. చెప్పి, పెట్టె మీరే మొయ్యండి.